నలభై దెబ్బలు

రేవు వెనక వీధిలో ఉన్న ఆ చిన్న హోటల్లో వంట ఎవరు చేస్తారో వీధిలో చాలామందికి తెలియదు గానీ, వంటమనిషి మొగుడి గొంతు మాత్రం అందరికీ తెలుసు. పొద్దున పెరట్లో నల్లరాతి పలక మీద తడి మాంసం ఠప్పున పడేది. వెంటనే ఒక అంకె వినిపించేది, పదిహేడని. మళ్ళీ ఠప్పున చప్పుడు, పద్దెనిమిది. అలా నలభై దాకా. ఒక్కో ఆక్టోపస్‌కి నలభై దెబ్బలు, ఒకటి ఎక్కువ కాదు, ఒకటి తక్కువ కాదు. అందుకని రేవంతా అతన్ని నలభై అనే పిలిచేది. పెళ్ళాన్ని నలభై ఒకటి అనేవాళ్ళు. రాతి మీద నలభై తిన్నదానికి ఆఖరి దెబ్బ పొయ్యి దగ్గర ఆవిడ చేతిలో పడుతుందని ఒక అర్థం, మొగుడికి కూడా అక్కడే పడుతుందని ఇంకో అర్థం. ఇలాంటి పేర్లు పెట్టేవాళ్ళకి కూర్చుని తినడం తప్ప వేరే పనుండదు. ఆమె మాత్రం ఆ పేరుకి నవ్వుతూనే పలికేది.

ఆక్టోపస్ అంత మొండి మాంసం ఇంకోటి లేదు. ఎముక లేదు కదా, ఇట్టే ఉడికిపోతుందిలే అనుకుంటారు తెలియనివాళ్ళు. దాని ఒళ్ళంతా కండే. వేడినీళ్ళు తగలగానే బిగుసుకుంటుంది. అప్పుడు దించితే చెప్పు అట్ట నమిలినట్టుంటుంది. చిన్న మంట మీద ఓపిగ్గా వదిలేస్తే ఒక దగ్గర పట్టు వదులుతుంది. ఆ దగ్గర కూడా దాటిపోతే తోలు ఊడి, ముద్దయి, పారబోయడానికి తప్ప పనికిరాదు. ఈ రెండింటి మధ్య ఉన్న కాస్త జాగాలోనే ఆమె పేరూ ప్రతిష్ఠా ఉండేవి.

ఆమె పద్ధతి ఆమెది. నీళ్ళు మరిగాక తల పట్టుకుని, కాళ్ళు మూడుసార్లు ముంచి తీసేది. కాళ్ళు కొసల దగ్గర పైకి చుట్టుకున్నాక మొత్తం కుండలోకి వదిలి మంట తగ్గించేది. ఉప్పు వేసేది కాదు. నీళ్ళు కుతకుతలాడనిచ్చేది కాదు. దించాక అదే నీళ్ళలో చల్లారనిచ్చి, అప్పుడు ముక్కలు కోసి, నూనె, నిమ్మరసం చల్లి, ఉడికించిన బంగాళాదుంపలతో పంపేది. కుండ ఎప్పుడు దించాలో ఎలా తెలుస్తుందక్కా అని ఎవరైనా అడిగితే చేతికి తెలుస్తుంది అనేది. మొదట్లో లావుపాటి చోట పుల్ల గుచ్చి చూసేది. పదేళ్ళయ్యాక పుల్ల అక్కర్లేకపోయింది. నిజంగానే చేతికి తెలుస్తుందనుకుంది.

ఇక నలభై సంగతి. వాళ్ళ నాన్న, అన్నలు అందరూ పడవల మీద బతికినవాళ్ళు. ఇతనొక్కడికే పడవెక్కితే కడుపులో తిప్పేది. గట్టు మీద నిలబడి తాళ్ళు అందుకునే మగాణ్ణి ఆ ఇంట్లో ఏమని పిలిచేవారో రాయడం మర్యాద కాదు. పెళ్ళయ్యాక, ఈ హోటల్లో చేరాక, రాయి దొరికింది. చేతిలో బలం ఉంది, సహనం ఉంది, అంకె తప్పని బుర్ర ఉంది. ఒకరోజు వాళ్ళ నాన్న వచ్చి, బల్ల దగ్గర కూర్చుని, కొడుకు కొట్టిన ఆక్టోపస్ తిని, మెత్తగా ఉందిరా అన్నాడు. అంతే అన్నాడు. ఆ ముసలాయన ఆ కొడుకుని మెచ్చుకున్నది జీవితం మొత్తానికి అదొక్కసారే, తర్వాత ఎక్కువకాలం బతకలేదు కూడా. నలభై ఆ మాటని పంతొమ్మిదేళ్ళు భుజాన మోశాడు. అతను రాని రోజు హోటల్లో ఆక్టోపస్ ఉండేది కాదు, చేపలే.

పని ఒక వరసలో నడిచేది. ఇవాళ కొట్టినవి రేపటికి. నీలం టబ్బులో ఐదు పచ్చివి ఉండేవి, తెల్ల టబ్బులో నిన్న కొట్టిన ఐదు. ఆమె తెల్ల టబ్బులోవి కుండలో వేసే వేళకి అతను నీలం టబ్బు తీసుకుని పెరట్లోకి వెళ్ళేవాడు. ఒక్కోదాని తల తిరగేసి లోపలి సరుకు లాగేసి, కాళ్ళ మధ్య దాక్కున్న గట్టి ముక్కుని బొటనవేలితో నొక్కి తీసి, నలభై కొట్టి, జిగురు పోయేలా రుద్ది కడిగి పక్కన పెట్టేవాడు. ఐదూ అయ్యాక లోపలికి వచ్చి మంచినీళ్ళు అడిగేవాడు. ఆమె ఒక చేత్తో నీళ్ళిచ్చి, ఇంకో చేత్తో కుండ దించేది. ఇద్దరి మధ్యా పనివేళ మాటలుండేవి కావు. కిటికీలోంచి అంకెలు వస్తుండేవి, అదే వాళ్ళ కబురు.

ఆరేళ్ళ కిందట ఓనరమ్మ ఫ్రీజర్ కొంది. పడవలు వచ్చిన రోజు వస్తాయి, రాని రోజు రావు, వాటిని నమ్ముకుని ఎన్నాళ్ళు అంది. అప్పట్నుంచీ ఆక్టోపస్‌లు రాళ్ళలా గడ్డకట్టి పెట్టెల్లో రావడం మొదలైంది. ముందురోజు బయట పెడితే తెల్లారేసరికి కరిగేవి. నలభై వాటిని కూడా నలభై కొట్టేవాడు.

ఫ్రీజర్ వచ్చిన కొత్తలోనే ఒక పొద్దున నీలం టబ్బులో ఒకదాని కాలు పొట్టిగా ఉంది. ఎక్కడ కొరికించుకొచ్చిందో చూడవే అని నలభై ఆమెకి చూపించి నవ్వాడు. తర్వాత టబ్బులు రెండూ పక్కపక్కనే ఉండగా, ఓనరమ్మ ఏదో అడుగుతుంటే వెనక్కి తిరిగి బదులు చెబుతూ, ఆమె నాలుగు తెల్లదాంట్లోంచి, ఒకటి నీలందాంట్లోంచి తీసి కుండలో వేసేసింది. కాసేపటికి మూత తీస్తే నీళ్ళలో పొట్టికాలు కనిపించింది. కొట్టనిది కుండలో పడింది, ఇవాళ పరువు పోయిందనుకుంది. నీలం టబ్బులో ఒకటి తక్కువుందేమే అని అతను పెరట్లోంచి అడిగితే, ఓనరమ్మ ఇంటికి పంపానని నోటికొచ్చిన అబద్ధం చెప్పింది. ఆ రోజు మళ్ళీ పుల్ల తీసింది. పొట్టికాలుదాన్ని అన్నిచోట్లా గుచ్చి చూసింది. మిగతా నాలుగూ ఎలా ఉన్నాయో అదీ అలాగే ఉంది. ఒక ముక్క కోసి నోట్లో వేసుకుంది. వెన్నలా ఉంది.

తర్వాత పెట్టెలు తెచ్చే మనిషిని మాటవరసకి అడిగినట్టు అడిగింది. గడ్డకట్టినదాన్ని మళ్ళీ కొట్టడమెందుకు అక్కా, లోపలి కండంతా ఐసే చీల్చేస్తుంది కదా అన్నాడతను. ఆ మాట కడుపులో పెట్టుకుంది.

ఎందుకు చెప్పలేదంటే ఏం చెబుతాం. రేపు చెబుదాం అనుకుంది. ఆ రేపు అతను ఏదో పాత పాట కూనిరాగం తీసుకుంటూ రాయి కడుగుతున్నాడు. ఆ ముఖం చూసి నోరు రాలేదు. నెల దాటాక, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే ఏమనాలో తెలియలేదు. ఏడాది దాటాక అది చెప్పాల్సిన మాటగా కాక, దాచాల్సిన మాటగా మారింది. మంచితనంతోనే దాచింది, కాదనను. కానీ ఆ మంచితనానికి రోజూ రెండొందల దెబ్బలు వేసింది అతని భుజమే.

భుజం ఈ ఏడాది ఎదురు తిరిగింది. ముందు చొక్కా తొడుక్కోవడం కష్టమైంది, తర్వాత దువ్వెన పైకి లేవలేదు. ఒక రోజు ముప్పై ఒకటి దగ్గర చెయ్యి గాల్లోనే ఆగిపోయి, ఆక్టోపస్ జారి బురదలో పడింది. డాక్టరు ఏం పని చేస్తావని అడిగి, విని, కాగితం మీద లెక్కకట్టి చూశాడు. భుజాన్ని పట్టి ఉంచే నరం నానిన తాడులా పీచుపీచుగా విడిపోయిందని, ఇక కొడితే ఆ చెయ్యి వేలాడటానికి తప్ప దేనికీ పనికిరాదని చెప్పాడు. నలభై ఆ మాటలన్నీ ఇంకెవరి గురించో చెబుతున్నట్టు విన్నాడు. బయటికొచ్చాక, రెండు రోజులు ఆగి పనిలోకి వస్తానని ఓనరమ్మతో చెప్పు అన్నాడు.

ఆ మధ్యాహ్నం వాళ్ళ గదిలో, గడియారం కింద ఉన్న కుర్చీలో కూర్చుని, ఎడమ చేత్తో గుండీలు విప్పుకోవడానికి తంటాలు పడుతున్నాడు. ఆమె వచ్చి విప్పింది. ఇక వెళ్ళొద్దంది.

"మానేస్తే నువ్వేం వండుతావే? రబ్బరా?" అన్నాడు.

"కొట్టకపోయినా ఉడుకుతుంది."

"ఎవరన్నారు?"

"ఫ్రీజర్ వచ్చినప్పట్నుంచీ కొట్టక్కర్లేదు. ఐసే ఆ పని చేసేస్తుంది. నేను చూశాను."

"ఎప్పుడు చూశావ్?"

అతను అడిగిన అంకె చెప్పేదాకా వదిలే మనిషి కాడు. ఆరేళ్ళయిందని చెప్పింది.

అతను కోప్పడలేదు. కోప్పడితే బాగుండుననిపించింది. ఆమె విప్పిన గుండీని ఎడమ చేత్తో మళ్ళీ పెట్టుకోబోయాడు.

"ఆ పొట్టికాలుది," అన్నాడు చివరికి. "ఓనరమ్మ ఇంటికి పంపానన్నావే."

"పంపలేదు. కుండలో పడింది."

"మెత్తగా ఉడికిందా?"

"ఉడికింది."

తలూపాడు. ఆ తర్వాత ఆ విషయం ఎత్తలేదు, హోటలు మాటే ఎత్తలేదు. పెట్టింది తినేవాడు, అడిగిందానికి జవాబు చెప్పేవాడు. మనిషి ఇంట్లోనే ఉన్నాడు గానీ ఇల్లు పలకరించడానికి మనిషి లేనట్టయింది. ఆమె మాత్రం చెయ్యి దక్కింది చాలు, ముఖం అదే తేరుకుంటుందిలే అని తనకి తాను సర్దిచెప్పుకుంది.

ఓనరమ్మకి దిగులేమీ లేదు. చప్పుడు వదిలింది, పక్కింటివాళ్ళ గొణుగుడు వదిలింది అంది. శుభ్రం చేసినవే పెట్టెల్లో తెప్పించింది. రాతి పలక మీద ఖాళీ నూనె డబ్బాలు పేర్పించింది. ఆ డబ్బాలు చూడలేక ఆమె కిటికీ ఒక రెక్క మూసుకుంది.

అప్పుడు మొదలైంది అసలు సంగతి. మొదటి రోజు ఎప్పటిలాగే కుండలో వేసింది, మంట తగ్గించింది, ఎప్పటిలాగే చేతికి తెలిసినప్పుడు దించింది. బల్లల దగ్గర్నుంచి పళ్ళేలు తిరిగొచ్చాయి. అంచుల మీద నమిలి ఉమ్మిన ముక్కలు. రోజూ వచ్చే లెక్కల మాస్టారు వంటింటి గుమ్మం దాకా వచ్చి, నలభై ఇవాళ పనిలోకి రాలేదా అక్కా అని నవ్వుతూ అడిగి వెళ్ళాడు. రెండో రోజు భయపడి ఎక్కువసేపు ఉంచింది. తోలు ఊడిపోయి, కాళ్ళు తలా ఒక దిక్కుకి పోయాయి. మూడో రోజు పుల్ల పట్టుకుని కుండ దగ్గర్నుంచి కదల్లేదు. గుచ్చి గుచ్చి జల్లెడ చేసింది. లావు చోట ఉడికేసరికి కొసలు ముద్దయ్యాయి, ఊరికే మూత తీయడంతో నీళ్ళు ఒకసారి చల్లబడ్డాయి, ఒకసారి పొంగాయి. ఇంతకాలం వండిన చేతులేనా ఇవి అనిపించింది.

ఆ మూడో రోజే, కుండ ముందు నిలబడి ఉండగా, తన పెదవులు కదులుతున్నాయని ఆమెకి తెలిసింది. ముప్పై ఆరు. ముప్పై ఏడు. అంకె దొరక్క మళ్ళీ మొదటికి. ఆమె వింటోంది. పెరట్లో నూనె డబ్బాల కేసి చెవి ఒగ్గి, రాని చప్పుడు కోసం చూస్తోంది. ఐదో నలభై పడితే కుండ దించాలి. ఇన్నేళ్ళుగా ఆమె చేతికి ఏమీ తెలియదు. తెలిసింది చెవికి. ఆ వంటింట్లో గడియారం లేదు, ఉన్న రెండూ ఆవిరికి చెడిపోయాక మూడోది ఎవరూ అడగలేదు, అవసరం రాలేదు కాబట్టి. తన పనితనం అనుకున్నది తనది కాదని తెలిసినందుకు సిగ్గేసింది. ఆ సిగ్గులోంచే చిన్న ఆశ కూడా పుట్టింది, ఇది మొగుడికి చెప్పాలని. నువ్వు లేకపోతే ఉడకలేదయ్యా అని చెప్పాలని.

కానీ ఆమె కంటే ముందే కబురు ఇంటికి చేరింది. రేవులో చేపలు ఏరే ఆడపడుచు పనిలోంచి నేరుగా అన్న దగ్గరకి వెళ్ళి, వదిన వండింది మూడు రోజులుగా కుక్కలు కూడా ముట్టడం లేదని ఉన్నదానికి నాలుగింతలు చేర్చి చెప్పింది. ఆమె గది తలుపు తోసేసరికి ఆడపడుచు గుమ్మంలోనే నిలబడి, ఇప్పుడేమంటావు వదినా అన్నట్టు నవ్వుతోంది. నలభై గడ్డం గీసుకుని ఉన్నాడు. పెట్టెలోంచి రబ్బరు ఏప్రాన్ తీసి, తుడిచి, ఒక చేత్తోనే మెడకి తగిలించుకున్నాడు. ఆమెని చూడగానే వెనక్కి తిరిగాడు.

"ఏమే, కొంచెం ముడి వెయ్యి," అన్నాడు.

ఎన్నాళ్ళకో ఆ గొంతులో ప్రాణం వినిపించింది. ఎడమ చేత్తో ఇరవై, కుడిచేత్తో ఇరవై కొడతానని, మెల్లిగా కొడితే డాక్టరు కూడా ఏమీ అనడని, ఐసు గీసు అన్నీ ఉత్త మాటలని అంటున్నాడు. ఏప్రాన్ తాళ్ళు రెండూ ఆమె చేతుల్లో ఉన్నాయి. ముడి వేస్తే మనిషి దక్కుతాడు, చెయ్యి పోతుంది. వేయకపోతే చెయ్యి దక్కుతుంది. ఒకసారి నోరు మూసుకున్నందుకు ఏమైందో ఆమెకి తెలుసు. అయినా ముడి వేసేద్దామనే అనిపించింది, ఆ సంగతి దాచడం దేనికి.

"దెబ్బలు లేక కాదయ్యా," అంది చివరికి. "లెక్క లేక."

అతనికి అర్థం కాలేదు. ఆమె తాళ్ళు వదలకుండానే, అతని వీపుతో మాట్లాడినట్టు, అంతా చెప్పింది. కుండ వేయడం, అతను రాయి దగ్గరికి వెళ్ళడం, ఐదో నలభై, మంచినీళ్ళు. పుల్ల ఎప్పుడో మానేశానని, చేతికి తెలుస్తుందని చెప్పుకున్నదంతా వట్టిదని, నీ గొంతు వినే దించేదాన్నని చెప్పింది. ఆడపడుచు ముఖంలో నవ్వు ఆరిపోయింది, చెప్పులు వేసుకుని మెల్లిగా వెళ్ళిపోయింది.

"మొన్న ఒకటి చెప్పావు. ఇప్పుడింకోటి చెప్తున్నావు," అన్నాడు అతను వెనక్కి తిరక్కుండానే. "ఏది నమ్మమంటావ్?"

"ఇది నమ్ము. నువ్వు లేకపోతే ఉడకలేదు. ఒట్టు."

అతను ఆలోచించాడు. అంకెల మనిషి కదా, ఎక్కడ తేలాలో అక్కడే తేలాడు.

"అయితే గడియారం చాలు," అన్నాడు.

కాదనాలని ఆమెకి ఎంతో ఉంది. కాదంటే అది మళ్ళీ అబద్ధమే. గడియారం చాలు, ఆ మాటకొస్తే గడియారానికి భుజం నొప్పి కూడా ఉండదు. తాళ్ళు వదిలేసింది. అతను ఏప్రాన్‌ని తలమీదుగా తీయబోయాడు, కుడిచెయ్యి లేవలేదు. ఆమె సాయం చేసింది. అప్పుడు ఏడుపొచ్చింది ఆమెకి, గట్టిగానే ఏడ్చింది. అతను ఓదార్చలేదు, కసురుకోనూ లేదు. నీళ్ళ గ్లాసు తెచ్చి పక్కన పెట్టాడు.

మర్నాడు పొద్దున హోటలుకి బయల్దేరుతూ సంచీ ఎత్తితే బరువుగా ఉంది. లోపల రబ్బరు ఏప్రాన్‌లో చుట్టి, వాళ్ళ గదిలోని గోడ గడియారం. ఎడమ చేత్తో ఎప్పుడు దింపాడో ఆమెకి తెలియలేదు. ఏప్రాన్ ఎందుకు చుట్టాడో మాత్రం అర్థమైంది. ఆవిరి తగలకుండా కప్పమని. గోడ మీద అది ఉన్నచోట తెల్లగా గుండ్రటి మచ్చ ఉంది. నలభై దాని కింద కుర్చీలో కూర్చుని కిటికీ కేసి చూస్తున్నాడు. వెళ్ళొస్తానంది. ఊఁ అన్నాడు.

వంటింట్లో పొయ్యికి దూరంగా, కిటికీ పక్కన మేకుకి దాన్ని తగిలించి, ఏప్రాన్‌ని పైనుంచి కప్పి, ముళ్ళు కనపడేంత మేర తెరిచి ఉంచింది. ఆక్టోపస్‌లు కుండలో వేసింది. ఐదు నలభైలకీ, మధ్యలో కడగడాలకీ, మంచినీళ్ళకీ కలిపి దాదాపు గంట అవుతుందని మనసులో లెక్కేసుకుంది. ముల్లు ఆ దగ్గరికి వచ్చినప్పుడు దించింది. పుల్ల గుచ్చి చూడలేదు.

ఆ రోజు పళ్ళేలన్నీ ఖాళీగా తిరిగొచ్చాయి. మధ్యాహ్నం లెక్కల మాస్టారు చెయ్యి కడుక్కుని వంటింటి గుమ్మం దగ్గర ఆగాడు.

"చప్పుడు వినపడలేదు గానీ, నలభై మళ్ళీ పనిలోకి వచ్చినట్టున్నాడే అక్కా?"

ఆమె గోడ కేసి చూసింది. వచ్చాడని చెప్పింది.